విప్పుడు పని

ఆ కొబ్బరి మట్ట ఇంకొంచెం లోపలికి తొయ్యండ్రా, పొగంతా నా మొహానికే కొడుతోంది. ఆఁ, అలా. ఇప్పుడు చెప్పు బుల్లోడా, పొద్దున నీ పద్మిని కారుకి ఏం చేస్తున్నావు? పక్క పట్టీల మీద టేపు అంటించి, గ్రిల్లుకి పాత పేపర్లు చుట్టి, రేపు కంప్రెషర్ తెప్పిస్తానని మీ నాన్నతో అంటుంటే విన్నాను. అప్పుడేమీ అనలేదులే. ఇప్పుడు అంటున్నా. ఆ టేపు పీకెయ్యి.

అలా మొహం ముడుచుకోకు. రంగు నువ్వే వేసుకో, నేను గన్ను పట్టుకోను, నా చేతులు ఇప్పుడు వణుకుతున్నాయి. రంగుకి ముందు పని ఒకటుంది, అది చెయ్యకుండా వేసిన రంగు వానాకాలం దాటదు. మా షెడ్డులో దాన్ని విప్పుడు పని అనేవాళ్లం. ముందు విప్పుడు, తర్వాత టింకరింగు, తర్వాత లప్పం, అప్పుడు రంగు, ఆఖర్న బిగింపు. జనానికి కనపడేది రంగొక్కటే. మా మేస్త్రీ మాత్రం విప్పడం ఎంత వచ్చో చూసి కూలి కట్టేవాడు. గన్ను పట్టేవాడు ఊళ్లో వీధికొకడు దొరుకుతాడురా, పట్టీ వంచకుండా తీసేవాడు ఎక్కడున్నాడు అనేవాడు.

నేను పనిలో చేరేనాటికి మా షెడ్డు బెజవాడ ఊళ్లోనే ఉండేది, తర్వాత ఆటోనగర్‌కి మార్చాం. అప్పట్లో కొత్తగా వచ్చేవి ఎన్ని రకాల కార్లనుకున్నారు? ఉత్తరపారా నుంచి అంబాసిడర్, బొంబాయి కుర్లా నుంచి ఫియట్, మద్రాసు నుంచి స్టాండర్డ్ హెరాల్డ్. అంతే. ఆ ఫియటే పేర్లు మార్చుకుంటూ వచ్చి 1974లో పద్మిని అయింది. కొత్త కారు కావాలంటే డబ్బు కట్టి ఏళ్ల తరబడి కూర్చోవాలి. కూతురి పెళ్లికని బుక్ చేస్తే మనవడి అన్నప్రాశనకి వచ్చేదని చెప్పుకునేవాళ్లు. అందుకే ఉన్న కారునే ఎవరూ వదిలేవాళ్లు కాదు. ఇంజను మార్చేవాళ్లు, రేకు చచ్చిపోతే కోసి కొత్త రేకు అతికించేవాళ్లు, రంగు మీద రంగు, దాని మీద ఇంకో రంగు. గవర్నరుపేట డాక్టర్లు, గాంధీనగర్ సినిమా డిస్ట్రిబ్యూటర్లు, పొగాకు వ్యాపారం చేసే గుంటూరు వాళ్లు, అందరూ మాకు దసరాకో సంక్రాంతికో ముందు వచ్చి పడేవాళ్లు. రంగు మార్చితే ఆర్‌సీ పుస్తకంలో రాయించాలి కాబట్టి చాలామంది పాత రంగే వెయ్యమనేవాళ్లు. కొందరికి అదీ పట్టేది కాదు.

ఒకసారి ఒక బ్రోకరు నల్ల అంబాసిడర్ ఒకటి తెచ్చాడు. కొనబోయేవాళ్లు కూడా వెంటే వచ్చారు. కంపెనీ రంగేనండీ, ఒక్క చుక్క కూడా మళ్లీ పడలేదు అని వాళ్లకి చెబుతున్నాడు. మా మేస్త్రీ ఏమీ అనలేదు. డిక్కీ తెరిచి, దాని మీదున్న మోనోగ్రామ్‌ని లోపలివైపునుంచి కర్రముక్కతో మెల్లిగా తోసి లేపాడు. కారు పేరు రాసి ఉంటుందే, ఆ బిళ్లని మేం మోనోగ్రామ్ అనేవాళ్లం. దాని కింద అంచు చుట్టూ నల్లరంగు గట్టు కట్టి ఉంది, గట్టు లోపల బూడిదరంగు, ఒక మూల అది కూడా లేచిపోయి అడుగున లేత నీలం. మూడు రంగులూ ఒక్క బిళ్ల కిందే. బ్రోకరు కాసేపు ఆకాశం వంక చూశాడు. బేరం తగ్గింది, కారు అమ్ముడుపోయింది, తర్వాత రంగుకి మా దగ్గరికే వచ్చింది. కారు వయసు తెలుసుకోవాలంటే కాయితాలు చూడక్కర్లేదు, పట్టీ కింద చూస్తే చాలు.

నువ్వడిగావు కదా, టేపేస్తే ఏమవుతుందని. టేపు ఎంత జాగ్రత్తగా వేసినా పట్టీకీ రేకుకీ మధ్య సందులోకి రంగు పోదు. పాత దుమ్ము, మైనం, నీళ్లచెమ్మ అన్నీ అక్కడే ఉంటాయి. సాండు కాయితం అక్కడికి చేరదు. టేపు పీకినప్పుడు రంగుకి ఒక పచ్చి అంచు మిగులుతుంది. ఆ అంచులోంచి నీళ్లు లోపలికి పోతాయి. అప్పటికే పట్టీ కింద క్లిప్పులు గీకిన చోట రేకు బోసిగా ఉంటుంది. ఇక తుప్పు అడుగు నుంచి మొదలవుతుంది. పైకి మెరుస్తూనే ఉంటుంది, ఓ ఏడాదికి పట్టీ వెంబడి బుడగలు లేస్తాయి, వేలితో నొక్కితే రంగు పొరగా ఊడొస్తుంది. అల్యూమినియం పట్టీ అయితే మరీ కష్టం. ఇనప రేకూ అల్యూమినియమూ తడిలో ఒకదాన్నొకటి తాకితే ఊరుకోవు, అల్యూమినియం వెనక తెల్లటి పొడి రాలుతుంది.

టేపు కూడా దొరకని షెడ్లుండేవి. మైదా జిగురుతో పేపరు అంటించేవాళ్లు. ఇంకా తొందరపడేవాళ్లు రబ్బర్ల మీద, క్రోమ్ మీద గ్రీజు పూసి గన్ను కొట్టేసేవాళ్లు, రంగు ఆరాక గుడ్డతో తుడిస్తే గ్రీజుతో పాటు రంగూ పోతుందని. పోతుంది, నిజమే. కానీ ఆ గ్రీజు చెయ్యి ఎక్కడ తగిలితే అక్కడ రంగు నిలవదు, గుండ్రంగా విడిపోయి చిన్నచిన్న గుంటలు పడతాయి. బానెట్ నిండా ఆ గుంటలతో వచ్చిన కార్లు నేను బోలెడు గీకాను.

రేకు తినేసే తుప్పు చూడాలంటే బందరు కారు చూడాలి. సముద్రపు గాలి తిన్న కారు. మా మేస్త్రీ బందరు నుంచి వచ్చిన కారుకి రేటు విప్పాకే చెప్పేవాడు, ముందు చెప్పేవాడు కాదు. ఇక 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెన తర్వాత సంగతి చెప్పక్కర్లేదు. వేలమంది పోయినచోట బండ్ల గొడవ ఎవరికి పడుతుంది, నెలలు గడిచాక ఒక్కొక్కటే లాగించుకొచ్చారు. ఉప్పునీళ్లలో నానిన జీపులు, లారీలు, ఒకటి రెండు కార్లు. ఒక అంబాసిడర్ తలుపు ప్యాడ్ తీస్తే లోపల సగానికి ఒండ్రు, అందులో గడ్డి వేళ్లు. పట్టీ తీశాం. కింద క్లిప్పు బెజ్జాలు ఉండాల్సిన చోట రూపాయంత కన్నాలున్నాయి. ఆ కారు తెచ్చినాయన అక్కడే మోకాళ్ల మీద కూర్చుని ఆ కన్నంలోకి వేలు పెట్టి చూశాడు. ఇది అవుతుందా అని అడిగాడు. కింద సగం రేకు మార్చాలి బాబూ అన్నాడు మేస్త్రీ. మార్చాం. డబ్బు పూర్తిగా అడగలేదు.

రేకు మార్చడం అంటే గుర్తొచ్చింది, ఇది నువ్వు రాసుకో. కొత్త రేక్కి బెజ్జాలుండవు. పాతది కోసెయ్యక ముందే దాని మీద బ్రౌన్ కాయితం పరిచి, బెజ్జాల దగ్గర పెన్సిలుతో రుద్ది గుర్తు తీసుకోవాలి, తలుపు అంచు నుంచి ఎంత దూరమో, కింద అంచు నుంచి ఎంత ఎత్తో కూడా దాని మీదే వేసుకోవాలి. లేకపోతే మడ్‌గార్డు మీది పట్టీ ఒక గీతలో, తలుపు మీది పట్టీ ఇంకో గీతలో వస్తాయి. దారిన పోయేవాడికి ఏమీ తెలియదు, కానీ కారు ఏదో వంకరగా ఉందే అనిపిస్తుంది. రెండేళ్లకి ఒకసారైనా అలాంటి కారు వెనక స్కూటరు మీద పోతూ ఉండేవాణ్ణి, చూడలేక పక్కకి తప్పుకునేవాణ్ణి.

సరే, పట్టీ ఎలా తియ్యాలి. పట్టీకి అంచులు రెండూ లోపలికి మడిచి ఉంటాయి. రేక్కి వరసగా బెజ్జాలు, బెజ్జానికో క్లిప్పు. ఆ క్లిప్పుల మీద పట్టీ నొక్కి కూర్చుంటుంది. కొసకి మాత్రం ఒక బోల్టు ఉంటుంది, దాని నట్టు లోపలివైపు, మడ్‌గార్డు కింద, బురద గట్టిపడినచోట. తెలియనివాడు స్క్రూడ్రైవర్ మధ్యలో దూర్చి ఎత్తుతాడు. పట్టీ అక్కడ మడత పడుతుంది. స్టీలు పట్టీకి ఒకసారి మడత పడిందంటే సుత్తితో ఎంత సాపు చేసినా ఎండలో ఆ గీత కనపడుతూనే ఉంటుంది.

మా మేస్త్రీ ముందు కారు కింద పడుకునేవాడు. వైరు బ్రష్షుతో బురద గీకి, ఆ నట్టు కనిపెట్టి, కిరసనాయిలు ముంచిన గుడ్డపేలిక చుట్టి రాత్రంతా వదిలేసేవాడు. మర్నాడు స్పానరు పెట్టి ముందు బిగించేవాడు. అవును, బిగించడమే, వెంట్రుకవాసి. టిక్ మని చిన్న చప్పుడు వచ్చాకే వెనక్కి తిప్పేవాడు. తుప్పు పట్టిన నట్టు నేరుగా విప్పబోతే బోల్టు తెగి చేతిలోకి వస్తుంది. నట్టు పోతే పరవాలేదు, పట్టీకి అతికి ఉన్న బోల్టు తెగితే ఆ పట్టీ పనికిరాదు.

బోల్టు ఊడాక వెదురు బద్దలు. ఎండిన వెదురు, నాలుగువేళ్ల పొడుగు, ఒక చివర పలచగా చెక్కి, ఆముదం రాసి పెట్టుకునేవాళ్లం. ఇనుము తగిలితే రేక్కి గుంట పడుతుంది. ఎలాగూ రంగు వేస్తాం కదా అంటావు. గుంట పడితే లప్పం పెట్టాలి, లప్పం ఎంత తక్కువుంటే కారుకి అంత మంచిది. ఒక బద్ద కింద పెట్టి పట్టీని పట్టుకోవాలి, రెండోది దాని పక్కనే పైనుంచి దూర్చి తిప్పాలి. ఒక క్లిప్పు వదులుతుంది. వదిలిన చప్పుడు విని ఇంకో క్లిప్పు దగ్గరికి జరగాలి. మధ్యలో వదిలిన పట్టీ వేలాడకూడదు, ఇంకొకడు కొస పట్టుకుని నిలబడాలి. ఆ కొస పట్టుకుని నిలబడే ఉద్యోగమే నాకు మొదట ఇచ్చింది. అటూ ఇటూ చూస్తే చెంప మీద పడేది.

తీసిన పట్టీ గోడకి నిలబెడితే వంగుతుంది. అందుకని షెడ్డు దూలానికి రెండుచోట్ల పురికొస కట్టి అడ్డంగా వేలాడదీసేవాళ్లం. ఎడంపక్కదానికి లోపలివైపు ఆకురాయితో ఒక గాటు, కుడిదానికి రెండు గాట్లు. స్క్రూలకి చార్మినార్ సిగరెట్ పెట్టెలు, ఒక్కో తలుపుకి ఒక్కో పెట్టె. కానీ అసలు గమ్మత్తు మేస్త్రీ బల్ల. పాత ప్లైవుడ్ చెక్క మీద సుద్దముక్కతో కారు బొమ్మ వేసేవాడు, పైనుంచి చూసినట్టు. హెడ్‌లైటు స్క్రూ అయితే హెడ్‌లైటు ఉన్నచోట, డిక్కీ హ్యాండిల్ బోల్టు అయితే అక్కడ, చెక్కలోకి గుచ్చేవాడు. పని అయ్యేసరికి బల్ల ఖాళీ కావాలి. ఒక్క స్క్రూ మిగిలినా కారు బయటికి పోనిచ్చేవాడు కాదు. నువ్వు ఫోన్లో ఫొటోలు తీసుకుంటావా, తీసుకో, మంచిదే. కానీ ఫొటోలో స్క్రూ పొడుగు తెలియదు. తలుపు అంచుకి పొట్టి స్క్రూ బదులు పొడుగుది వేస్తే లోపల అద్దానికి తగులుతుంది.

తలుపు హ్యాండిల్ గొడవ వేరే. అంబాసిడర్‌కి బయటి హ్యాండిల్ ఊడాలంటే లోపలి ప్యాడ్ తియ్యాలి, ప్యాడ్ రావాలంటే అద్దం తిప్పే హ్యాండిల్ రావాలి. దాని వెనక గుండ్రటి బిళ్ల ఉంటుంది, స్ప్రింగు మీద. దాన్ని లోపలికి నొక్కి పట్టుకుంటే సన్న పిన్ను కనిపిస్తుంది, మేకుతో తోస్తే ఊడుతుంది. ఆ పిన్ను కింద పడిందా, ఇక షెడ్డంతా నేల మీద పాకడమే. ప్యాడ్ తీశాక తలుపు అడుగున ఏముంటాయో చెప్పనా? జడపిన్నులు, వక్కపొడి, సినిమా టిక్కెట్లు, నయాపైసలు. మేస్త్రీ అవన్నీ ఒక డబ్బాలో వేసి కారు తీసుకుపోయేటప్పుడు ఓనరు చేతిలో పెట్టేవాడు. నయాపైస కూడా ఉంచుకోనిచ్చేవాడు కాదు. తలుపు అడుగున నీళ్లు పోయే కన్నాలు ఈ చెత్తతోనే మూసుకుపోతాయి, అక్కడే ముందు తుప్పు. హెరాల్డ్ మాత్రం మాకు పండగ. దాని బానెట్ మడ్‌గార్డులతో సహా ముందుకి లేచేది, బాడీ ముక్కలన్నీ బోల్టులతో బిగించినవే. ఆ కారు డిజైను చేసినవాడెవడో ఒకసారైనా కారు కింద పడుకున్నవాడై ఉంటాడని మేస్త్రీ మురిసిపోయేవాడు.

ఇంకోటి మధ్యలో గుర్తొచ్చింది. 1971 యుద్ధం రోజుల్లో హెడ్‌లైట్లకి పై సగం నల్లరంగు వెయ్యమని వచ్చేవాళ్లు, రాత్రి వెలుగు పైకి పోకూడదని. యుద్ధం రెండు వారాల్లో అయిపోయింది. ఆ నల్లరంగు మాత్రం కొన్ని కార్లకి ఏళ్లపాటు అలాగే ఉండిపోయింది. తర్వాత రంగుకి వచ్చినప్పుడు హెడ్‌లైటు రింగు కింద ఉన్న ఒక్క స్క్రూ విప్పి, రింగు లాగి, అద్దం థిన్నర్‌తో కడిగేవాళ్లం. కొంతమంది వద్దు ఉంచండి, బాగుంది అనేవాళ్లు.

మోనోగ్రామ్ మాట చెప్పాను కదా. దాని దగ్గరే పెద్దపెద్ద మేస్త్రీలు కూడా దెబ్బ తింటారు. అది ఇనుమూ కాదు, ఇత్తడీ కాదు. జింకు కలిపి పోత పోసి, పైన క్రోమ్ ఎక్కించింది. పెళుసు. వెనక పుల్లలుంటాయి, రేకులోంచి లోపలికి పోయి రేకు బిళ్లలతో పట్టుకుని ఉంటాయి. ముందునుంచి లాగితే పుల్ల విరుగుతుంది. లోపలికి చెయ్యి పెట్టి, ఆ బిళ్లలు తీసి, వెనకనుంచి కర్రముక్కతో తొయ్యాలి. తర్వాత కార్లకి జిగురుతో అంటించినవి వచ్చాయి, వాటికి వేడినీళ్లు పోసి, వెనక నుంచి గాలం వేసే నైలాను దారం పెట్టి రంపం కోసినట్టు అటూ ఇటూ లాగితే చాలు.

ఈ జింకు సంగతి తెలియకే ఒక షెవర్లే కారు పక్షి పోయింది. మా పక్క షెడ్డులో జరిగింది. పాత జమీందారీ ఇంటి కారు, 1950 మోడలు, బానెట్ ముందు రెక్కలు చాచిన పక్షి బొమ్మ. ఆ కార్లని బొంబాయి సెవ్రీలో జనరల్ మోటార్స్ వాళ్లు విడిభాగాలు తెప్పించి బిగించి అమ్మేవాళ్లు. ఇక్కడ తయారు చేసేవాళ్లే ఉండాలి, ఊరికే బిగించి అమ్మడం కుదరదని సర్కారు 1953లో తేల్చేసరికి, మరుసటి ఏడాది ఆ కంపెనీ మూట సర్దుకుని వెళ్లిపోయింది. ఇక ఆ కారుకి ఏది విరిగినా విరిగినట్టే. 1973లో పెట్రోలు ధర మండిపోయాక అలాంటి పెద్ద కార్లకి డీజిలింజన్లు పెట్టించేవాళ్లు. దీన్నీ అందుకే తెచ్చారు, పనిలో పనిగా రంగు కూడా వెయ్యమన్నారు.

పక్షి కింద నట్టు రాలేదు. ఆ షెడ్డు కుర్రాడు గ్యాసు మంట పెట్టాడు. ఇనప నట్టు వేడెక్కితే వదులుతుందని వాడి లెక్క, అది తప్పు లెక్క కూడా కాదు. కానీ ఇనుము కరగడానికి పదిహేనువందల డిగ్రీలు దాటాలి, ఆ జింకు లోహానికి నాలుగొందలు కూడా అక్కర్లేదు. నట్టు ఎర్రబడకముందే పైన పక్షి మెడ వాలిపోయింది. తల జారి బానెట్ మీద బొట్టుగా పడి గట్టిపడింది. కుర్రాడు పనిముట్లు అక్కడే పారేసి పారిపోయాడు.

జమీందారు గారి అబ్బాయి మా మేస్త్రీ దగ్గరికి వచ్చాడు. "కలకత్తాలో దొరుకుతుందా మేస్త్రీ?" అన్నాడు. "దొరికితే దొరకొచ్చు బాబూ, ఎప్పటికి దొరుకుతుందో చెప్పలేం. మనమే చేయిద్దాం" అన్నాడీయన. ఆ ఇంట్లో పెళ్లి ఫొటో ఒకటుంది, ఆ కారు ముందు పెళ్లికొడుకూ పెళ్లికూతురూ నిలబడి తీయించుకున్నది. పెళ్లికూతురు భుజం పక్కన పక్షి సగం కనిపిస్తుంది. ఆ ఫొటో, మిగిలిన తోక ముక్క, రెండూ పట్టుకుని మేస్త్రీ కొండపల్లి పోయాడు. బొమ్మలు చేసే ఒక పెద్దాయన తెల్లపొణికి కర్రతో పక్షిని చెక్కి ఇచ్చాడు. చింతగింజల పిండితో అతికించి, సాపు చేసి, ఎంత బాగా చేశాడంటే రంగులు వేసి బొమ్మల కొలువులో పెట్టుకోవచ్చు. దాన్ని అచ్చుగా పెట్టి ఇత్తడి పోత పోయించడానికి అప్పట్లో పశ్చిమగోదావరిలో ఉన్న అజ్జరం పంపించాడు. అక్కడ గుడి గంటలు, బిందెలు, దీపాలు చేస్తారు, మీకు తెలుసుగా.

పోత వచ్చింది. చక్కగా ఉంది. బానెట్ మీద పెట్టి చూస్తే రెండు బోల్టులూ రెండు బెజ్జాల్లోకీ దిగవు. ఒకటి దిగితే రెండోది పక్కకి నిలుస్తుంది. కొలిచి చూస్తే జానెడు పొడుగుకి మూడు నాలుగు మిల్లీమీటర్లు తక్కువ. కరిగిన ఇత్తడి చల్లారేటప్పుడు ముడుచుకుంటుంది కదా. మేస్త్రీ అజ్జరం పోయి అడిగితే పోత పోసినాయన నవ్వాడట. "గంటకి కొలత ఎవరడుగుతారండీ, మోతే అడుగుతారు. ముందే చెబితే అచ్చు పెద్దది చెయ్యమనేవాణ్ణిగా" అన్నాడట. మళ్లీ కొండపల్లి, మళ్లీ ఇంకాస్త పెద్ద పక్షి, మళ్లీ అజ్జరం. ఈసారి బోల్టులు దిగాయి. క్రోమ్ ఎక్కించాక పాతదానికీ దీనికీ తేడా చెప్పడం ఆ ఇంటివాళ్ల వల్ల కూడా కాలేదు. బరువు మాత్రం ఎక్కువ, బానెట్ ఎత్తేటప్పుడు తెలిసిపోయేది. మొదటి పక్షి, ఆ చిన్నది, మా షెడ్డులో కాయితాల మీద బరువుకి పెట్టుకునేవాళ్లం.

క్రోమ్ అంటే మీరు ఏదో మందపాటి పూత అనుకుంటారు. ముందు రాగి, దాని మీద నికెల్, ఆఖర్న క్రోమ్. ఆ ఆఖరి పొర వెంట్రుక మందంలో నూరో వంతు కూడా ఉండదు. మెరుపంతా కింద నికెల్‌దీ, దానికంటే ముందు పట్టిన బఫ్ పనిదీ. అందుకే మోనోగ్రామ్‌ని క్రోమ్‌కి పంపేటప్పుడు మేస్త్రీ పక్కనే నిలబడేవాడు. బఫ్ చక్రం కింద ఒక నిమిషం ఎక్కువ ఉంటే అక్షరాల అంచులు అరిగి మొద్దుబారిపోతాయి. తర్వాత ఎంత మెరిసినా పేరు చదవలేం. ఆ క్రోమ్ తొట్ల దగ్గర పని చేసేవాళ్లని తలుచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది. ఆ ఆవిరి పీల్చి ముక్కులో పుళ్లు పడేవి, ముక్కు మధ్య గోడకి చిల్లు పడినవాళ్లూ ఉన్నారు. గుడ్డ కట్టుకోండ్రా అంటే నవ్వేవాళ్లు. నీ పద్మిని పట్టీలకి అదేం అక్కర్లేదు. అవి స్టీలువి, పట్టీ తీసి బఫ్ పట్టిస్తే కొత్తవే.

రంగు గురించి ఒక్క మాట చెప్పి వదిలేస్తా. అప్పట్లో మేం కొట్టింది డ్యూకో, నైట్రోసెల్యులోజ్ రంగు. అమెరికాలో 1920ల్లో అది వచ్చాకే కార్ల రంగు వారాల పని కాకుండా పోయింది. పావుగంటలో చెయ్యి అంటుకోకుండా ఆరేది. కానీ ముసురు పట్టిన రోజు కొడితే గాలిలో తేమ దాని మీద కూర్చుని పాలిపోయేది, నల్లకారు మీద తెల్లటి మసక. కృష్ణ మీదనుంచి మబ్బు కమ్ముతుంటే మేస్త్రీ గన్ను కడిగి పెట్టేసి, విప్పుడు పని మిగిలిందేమో చూడండ్రా అనేవాడు. ఎప్పుడూ మిగిలే ఉండేది.

బిగింపులో ముందద్దం దగ్గరే అందరికీ చెమటలు పట్టేవి. అద్దం తియ్యకుండా రంగు వేస్తే రబ్బరు కింద పాత రంగు మిగిలిపోతుంది, కాబట్టి తియ్యాల్సిందే. తియ్యడం తేలిక, లోపల కూర్చుని కాళ్లతో మెల్లిగా తోస్తే వచ్చేస్తుంది. పెట్టడం కష్టం. రబ్బరుని ముందు అద్దానికి చుట్టూ తొడగాలి. రబ్బరుకి బయటివైపు ఇంకో గాడి ఉంటుంది, రేకు అంచు అందులో కూర్చోవాలి. ఆ గాడిలో చుట్టూ సన్నతాడు పెట్టి, కొసలు రెండూ కింద మధ్యలో కలిపి కారు లోపలికి వదలాలి. సబ్బునీళ్లు బాగా రాయాలి. అద్దాన్ని బయటనుంచి ఆనించి ఒకడు అరచేత్తో కొడుతుంటే, లోపల ఒకడు తాడు లాగుతూ రావాలి. తాడు బయటికి వస్తూ వస్తూ రబ్బరు అంచుని రేకు మీదకి ఎక్కించుకుంటూ పోతుంది. మీ నాయనమ్మ లంగాకి బొందు ఎక్కించేది చూశారుగా, ఇది దానికి తిరగేసిన పని. ఒకేచోట జోరుగా లాగితే తాడు రబ్బరుని కోసేస్తుంది. కొట్టేవాడూ లాగేవాడూ ఒక్క తాళం మీద పోవాలి, మూలల దగ్గర ఆగాలి. ఆ తర్వాత రబ్బరు మధ్య గాడిలో క్రోమ్ బీడింగు నొక్కుకుంటూ పోవాలి, అప్పుడే రబ్బరు ఉబ్బి అద్దాన్నీ రేకునీ రెంటినీ బిగపడుతుంది.

గవర్నరుపేట డాక్టరు గారి అంబాసిడర్‌కి నన్ను మొదటిసారి లోపల కూర్చోబెట్టి తాడు ఇచ్చాడు మేస్త్రీ. ఆయన బయట. డాక్టరు గారు గుమ్మంలో గొడుగు పట్టుకుని నిలబడి, సాయంత్రం ఏలూరు పోవాలి మేస్త్రీ, కేసుంది అంటున్నారు. అద్దం కూర్చుంది. బీడింగు ఎక్కింది. బల్ల మీద ఒక్క స్క్రూ కూడా లేదు. డాక్టరు గారు తాళం తీసుకోబోతే మేస్త్రీ ఒక్క నిమిషం బాబూ అని, బకెట్టు నీళ్లు అద్దం మీద ఎత్తి పోసి, నన్ను లోపల డాష్‌బోర్డు మీద పొడి గుడ్డ పరిచి చూడమన్నాడు. ఎడం మూల గుడ్డ తడిసింది. ఎంతో కాదు, బొట్టు.

"ఏవిట్రా?" అన్నాడు బయటనుంచి.

"తడిసింది మేస్త్రీ గారూ."

"ఆ మాత్రం పరవాలేదులే మేస్త్రీ, తిరిగొచ్చాక చూద్దాం" అన్నారు డాక్టరు గారు. ఈయన అప్పటికే బీడింగు కొస పట్టుకుని లాగేస్తున్నాడు. డాక్టరు గారు గొడుగు మూసి, ఆటోస్టాండు ఎటువైపు అని నన్నడిగారు.